తిట్లు లేని శుక్రవారం

సౌదీలో, ఖఫ్జీ లేబర్ క్యాంపులో నా సర్వీసుకు పేరుండేది. వాలీబాల్ పట్టుకుని గీత వెనక నిలబడితే చాలు, మా వాళ్లే మొదలుపెట్టేవారు. "ఏందే, బువ్వ తినలేదా? చెయ్యి లేస్తలేదా?" ఎదుటి జట్టును ఎవరైనా ఎగతాళి చేస్తారు. మా క్యాంపులో సొంతవాణ్ని తిట్టడం ఆచారం. నాకు ఒళ్లు మండేది. ఆ మంటతో కొడితే బంతి పోయి మూలన పడేది.

సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో మా కంపెనీ తప్పి, ఎరుపులో పడిన ఏడాది అది. మనిషికింత అని సర్కారుకు కట్టే లెవీ కట్టలేక, మా యజమాని కఫీల్ మేం అక్కడ ఉండేందుకు కావాల్సిన ఇఖామా కార్డులు రెన్యువల్ చేయించడం మానేశాడు. పక్క క్యాంపు కంపెనీ మాత్రం పచ్చలో ఉంది. అక్కడి ఫోర్‌మన్ ఒక పాకిస్తానీ, వాలీబాల్ పిచ్చోడు. శుక్రవారం ఆటలో నచ్చినవాణ్ని తమ కంపెనీకి మార్పించుకుంటానని కబురు పెట్టాడు. అందరూ నావైపే చూశారు. నేను ఈ దేశంలో ఉండేదీ పోయేదీ ఆ ఒక్క ఆట మీదికి వచ్చింది.

నెట్ దగ్గర బంతి లేపి ఇచ్చే మా లిఫ్టర్ మా పక్క ఊరివాడు, బావా అని పిలిచేవాణ్ని. అతనికి అప్పటికే ఇక ఇంటికి పొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఆదివారం విమానం.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆట మొదలైంది. బంతి నా చేతికొచ్చింది. ఒక్కడూ తిట్టలేదు. పాపం, వాడి బతుకు దీనిమీదుందని అందరూ నోళ్లు కట్టుకున్నారు. ఒకడైతే దండం పెట్టుకుంటున్నాడు. వాళ్ల మంచితనం తగలెయ్య. అరచేతుల చెమట ప్యాంటుకు తుడుచుకుని కొట్టాను. మొదటి బంతి నెట్‌కు తగిలింది. మళ్లీ వంతు వచ్చినప్పుడు గీత దాటి ఇసుకలో పడింది.

"ఏమన్న అనుండ్రిరా," అని బతిమాలుకున్నాను.

"ఏం గాదే, నిమ్మలంగ కొట్టు," అన్నారు, జ్వరమొచ్చినవాడితో మాట్లాడినట్టు. మూడోదీ నెట్‌లోకే పోయింది.

బావకు పోయేదేమీ లేదు. నవ్వుకుంటూ ఆడాడు. నాలుగేళ్లలో అతను అంత బాగా ఆడగా నేను చూడలేదు.

ఆట అయ్యాక ఫోర్‌మన్ అతని భుజం తట్టి ఇఖామా కాపీ అడిగాడు. "ఎగ్జిట్ లగ్ గయా భాయ్," అన్నాడు బావ. తర్వాత అసలు ఆటగాడు వీడేనంటూ నన్ను ముందుకు తోశాడు. "అస్లీ ఖిలాడీ యే హై."

ఫోర్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఇస్కే హాథ్ కాంప్‌తే హై," అని, చేతులు వణికేవాడు తనకెందుకన్నట్టు కారెక్కి వెళ్లిపోయాడు.

రెండు వారాలకు నాకూ ఎగ్జిట్ పడింది. కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి ఏమాత్రం వణకలేదు.