అత్తకు రాసిన కార్డు

మొన్న మేడమీద బట్టలు ఆరేస్తుంటే ఒక కాకి నా నెత్తిన తన్ని పోయింది. కోడలు బెదిరిపోయింది. నాకు మాత్రం సత్యవేడులో గడిచిన చిన్నతనం గుర్తొచ్చింది.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు ఎనిమిదేళ్ళు. వాకిట్లో ఎండబోసిన వేరుశనక్కాయలకు కాపలా కూర్చుంటే ఇలాగే కాకి తన్నింది. అవ్వ గుండెలు బాదుకుంది.

"కాకి తంతే సావేరా! పాప పోయిందని నాయుడుపేటలో మీ అక్కకి కార్డు రాయి. అబద్ధమైనా ఆమె నిజమనుకొని ఏడిస్తే గండం పోతాది," అని నాయనతో చెప్పింది.

నాయన రాశాడు. కాగితం మీద రాసింది జరిగి తీరుతుందని నేను నమ్మేదాన్ని. పైగా అత్త ఆ ఏడాదే తన బిడ్డను పోగొట్టుకుంది. ఆమె ఏడుపు నేను చూశాను. అందుకే ఎవరూ లేనప్పుడు కార్డు అడుగున పెద్ద అక్షరాలతో రాశాను: "అత్తా, నేను సావలేదు. నువ్వు ఏడవొద్దు."

వారానికి అత్త ఆ కార్డు పట్టుకుని వచ్చి నన్ను గట్టిగా కావలించుకుంది. అవ్వ మండిపడింది.

"గండం నెత్తిన పెట్టుకున్నావు కదే!"

"ఉండనీ అవ్వా. అత్తని మాత్రం ఏడిపించను," అన్నాను.

అవ్వది ప్రేమేనని పెద్దయ్యాక తెలిసింది. అయినా నా ప్రాణం కోసం ఇంకొకరిని ఏడిపించడానికి ఈనాటికీ ఒప్పుకోను.