అద్దాలు తీయని ఫోటో

మా వాదన మొదలైంది 2009 జూలై 21, మంగళవారం, ఉదయం ఏడుంపావుకు. అదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం, ఇవాళ పొద్దున కోదాడ నుంచి మా మరిది ఒక ఫోటో ఫ్రేము కట్టించుకుని రావడం. ఎల్లుండి మా ఆయన సంవత్సరీకం. ఫ్రేములో ఆయనా నేనూ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని ఉన్నాం. మేమెప్పుడూ అలా కూర్చుని ఫోటో దిగలేదు.

మా ఆయనకు సూర్యాపేటలో ఫోటో స్టూడియో ఉండేది. నేను ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చంద్రుడి మీద మనిషి దిగి నలభై ఏళ్లయిందని ఆ మంగళవారం పేపర్లో పెద్ద ఫోటో వేశారు. ఆయన చాయ్ పక్కన పెట్టి, స్టూడియో భూతద్దం తెచ్చి, పేపరు మీద వంగి చాలాసేపు చూసి, "ఇది జాయింటే" అని తేల్చాడు. జాయింటు అంటే ఏమిటో చెప్పాలి. మా వైపు మనిషి పోతే పదకొండో రోజుకు గోడకు ఫోటో కావాలి. చాలామందికి సొంత ఫోటో ఉండదు. ఏ పెళ్లి గ్రూపులోనో, వెనక వరుసలో, సగం మొహం ఉంటుంది. ఆయన ఆ మొహాన్ని కత్తిరించి, పెద్దది చేసి, కోటు తొడిగి, బతికున్న భార్య పక్కన కూర్చోబెట్టేవాడు. మోతె నుంచి వచ్చిన ఒక గొర్లకాపరి భార్య, కోటులో ఉన్న మొగుణ్ణి చూసి, "గీయన ఎవలు సారూ, నా పక్కకు కూసుండు?" అని అడిగిందట. అది చెప్పినప్పుడల్లా ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాడు. అన్ని జాయింట్లు చేసిన మనిషికి ఏ ఫోటో చూసినా అనుమానమే.

అయితే అందరూ అడిగే ప్రశ్నలు ఆయన అడగలేదు. ఆకాశంలో చుక్కలెందుకు లేవని మరిది అడిగితే, "ఎండల తెల్లబట్టలోన్ని తీస్తే ఎనకాల చుక్కలెట్ల వస్తయిరా?" అని కొట్టిపారేశాడు. మొదటి అడుగు వేస్తుంటే బయట నిలబడి తీసిందెవరంటే, "ఓడకే కెమెరా బిగించిన్రట. పెండ్లిల మనం స్టాండు పెడ్తలేమా?" అన్నాడు. ఆయన ఆగిపోయింది నీడల దగ్గర. ఫోటోలో రాళ్ల నీడ ఒక వైపు, మనిషి నీడ ఇంకో వైపు పోయాయి. "టీచరమ్మా, సూర్యుడు ఒక్కడే గదా? ఆడ రెండు లైట్లు పెట్టిన్రు. నా కండ్లు మోసపోవు." నేను కాగితం మీద గీతలు గీసి చూపించాను, నమ్మలేదు. అన్నం దగ్గర అదే వాదన, కరెంటు పోతే అదే వాదన. మాకు పిల్లలు లేరు. పోట్లాడుకోవడానికి చంద్రుడు దొరికాడు.

2011 జనవరి 9, ఆదివారం, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు పూజకు ఫోటోలు తీయడానికి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. పని అయ్యేసరికి పొద్దు వాలింది. మిల్లు వెనక సిమెంటు కళ్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఉడికిన వడ్ల వాసన ముక్కులకు పట్టేస్తోంది. ఒక కుప్ప వాలులో ఎవరో చెక్కపార గుచ్చిపోయారు. నేను దాని పక్కనే చదునులో నిలబడ్డాను. నా నీడ తిన్నగా సాగింది, పార నీడ వాలు పట్టుకుని పక్కకు జారింది. "మీ స్టూడియో గచ్చు మీద ఎప్పుడన్నా వడ్లకుప్ప ఉన్నదా?" అన్నాను. ఆయన గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. "ఒక్క సూర్యుడే" అని లేచాడు.

"గట్లనే ఉండు, తీస్త. అద్దాలు తియ్యి" అన్నాడు. కళ్లద్దాల్లో వెలుగు కొడుతుందని ఆయన ఎవరినీ అద్దాలతో తీసేవాడు కాదు. "తీస్తే నాకు నీడ కనబడదు, తీయను" అన్నాను. ప్రింటు వేస్తే, ఆయన చెప్పినట్టే ఎడమ అద్దం తెల్లగా వెలిగిపోయింది. "ఖరాబైంది, సూసినవా?" అని ఆ ప్రింటు సొరుగులో పడేశాడు.

ఆ రోజు తిరుగు బస్సులో, "మరి చంద్రుని మీద ఫోటో తీసినాయన ఏడి?" అని అడిగాడు. మొదట దిగినాయన ఛాతీకి కెమెరా బిగించుకున్నాడని, అందుకే మంచి ఫోటోలన్నీ దాదాపు రెండో ఆయనవేనని, తీసినాయన ఆ రెండో ఆయన ముఖం ముందరి అద్దంలో ఇంత చిన్నగా కనిపిస్తాడని చెప్పాను. "గంత దూరం పోయి ఫోటోల లేడా, పాపం" అన్నాడు. టికెట్టు మడుస్తూ, "కెమెరా పట్టుకున్నోని బతుకు యాడైనా గంతే" అన్నాడు. తర్వాత వాదించడానికి మాకేమీ మిగల్లేదు. 2013 ఆగస్టులో ఆయన పోయాడు. స్టూడియో మూసేశాం. నేను ఏం మాట్లాడినా కాదనే మనిషి ఇప్పుడు ఇంట్లో లేడు.

ఇవాళ మరిది ఫ్రేము గోడకు ఆనించి, "చూడండి వదినా, ఎంత బాగా కుదిరిందో! అన్నయ్యది ఓటరు కార్డులోది, మీది పెన్షన్ పుస్తకంలోది. కంప్యూటర్లో కలిపేశా" అన్నాడు. ఆయన మొహం మీద వెలుగు ఎడమ నుంచి పడింది, నా మొహం మీద కుడి నుంచి.

"ఒక్క సోఫాకు ఇద్దరు సూర్యులా అయ్యా?" అన్నాను.

"అబ్బా, అవన్నీ ఎవరు చూస్తారు వదినా?"

"మీ అన్న చూసేటోడు."

అతను చిన్నబుచ్చుకున్నాడు. "ఎల్లుండి చుట్టాలొస్తారు. గోడ బోసిగా ఉంటే ఏం బాగుంటది?" అన్నాడు. అదీ నిజమే. నీడలు చూపిద్దామని భూతద్దం కోసం సొరుగు లాగాను. దాని కింద ఆ చెడిపోయిన ప్రింటు ఉంది. ఎడమ అద్దం తెల్లగానే ఉంది. కుడి అద్దం మీద భూతద్దం పెట్టాను. ఇంకో వడ్లకుప్ప, దాని ముందు ఒక తెల్లచొక్కా, పైకెత్తిన రెండు మోచేతులు. మొహం ఉండాల్సిన చోట కెమెరా.

మరిది చాలాసేపు చూశాడు. "ఈ మోచేతులు అన్నయ్యవేనండీ" అన్నాడు.

"దీన్నే పెద్దది చేసుకరా."

"మొహం రాదు వదినా, మసకైపోద్ది."

"కానియ్యి."

అతను జాయింటును చంకలో పెట్టుకుని, ప్రింటును జేబులో భద్రపరచుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. పోయినవి ఒక మనిషి, ఒక స్టూడియో, మేమిద్దరం కలిసి ఆ ఫోటో చూసుకోగలిగి ఉండి కూడా చూసుకోని రెండేళ్ల ఏడు నెలలు.