రిజిస్టర్లో పోయిన ఇంటిపేరు

మోత్కూరు దగ్గరి మా ఊళ్లో సగం ఇండ్లకు ఒకటే ఇంటిపేరు. అదేమిటో ఇక్కడ రాయను. రాసే ముఖం నాకు లేదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు నలుగురైదుగురు ఉండేవాళ్లు. అందుకని ఊరు వాళ్లను ఇండ్ల ఆనవాళ్లతో పిలిచేది. బాయి పక్కనున్నవాళ్లు బాయికాడోళ్లు, మిద్దె ఉన్నవాళ్లు మిద్దెటోళ్లు. ఎట్లా పిలిచినా అందరం పాలోళ్లమే, ఒకే వంశపు అన్నదమ్ముల పిల్లలం. పాలోళ్లలో ఎవరు పోయినా అందరికీ పది రోజులు సూతకం. పండగ లేదు, పెండ్లి లేదు. పదోనాడు మగవాళ్లంతా వరసగా కూర్చుని గుండు గీయించుకోవాలి. మా తాత పోయినప్పుడు పక్క ఊరి నుంచి ఇంకో ఇద్దరు మంగలోళ్లను పిలిపించినా పొద్దు వాలేదాకా పని తెమలలేదు. చిన్నప్పుడు ఆ సూతకాలంటే నాకు ఒళ్లుమంట. దసరాకు కొత్తబట్టలు కుట్టించుకున్నామంటే చాలు, పాలోళ్లలో ఏదో ఒక ముసలాయన కన్నుమూసేవాడు.

మా బాపుకు మాత్రం ఆ గుండ్ల వరసంటే గర్వం. “నేను పోయిననాడు సూడు, గింతకు రెండింతలు కూసుంటరు” అనేవాడు. తన చావు గురించి అంత సంబరంగా మాట్లాడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తర్వాత నేను మా ఊరి బడికే పంతులుగా వచ్చాను. హాజరు పిలిస్తే ఒక్క పేరుకు ముగ్గురు లేచి నిలబడేవాళ్లు. ఒకడి మార్కులు ఇంకొకడికి పడేవి. నాకు మొదటినుంచీ విసుగు ఎక్కువ. ఒక జూన్‌లో, కొత్తగా చేరే పిల్లలకు ఇంటిపేరు గడిలో ఊరు పిలిచే పిలుపే రాయడం మొదలుపెట్టాను. మిద్దెటోళ్ల పిల్లవాడికి మిద్దె, బాయికాడోళ్ల పిల్లకు బాయికాడి. తల్లిదండ్రులు అడ్డు చెప్పలేదు. సారు రాస్తే సరిగానే రాస్తాడనుకున్నారు. అసలు పేరు మాత్రం మా ఇంటికి ఉంచుకున్నాను. పెద్దింటోళ్లం కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎంత తెలివో!

తెలంగాణ వచ్చాక కాగితాల గోల పెరిగింది. ఆధార్, ఆదాయం సర్టిఫికెట్, కొత్త పాసుబుక్కు, అన్నీ ఒకదానితో ఒకటి కలవాలన్నారు. పిల్లల బడి సర్టిఫికెట్లు మార్చడం తిప్పలు గనుక తండ్రులు వాటికి తగ్గట్టు తమ ఇంటిపేర్లే మార్చుకున్నారు.

ఎలక్షన్లు వస్తే ఓటరు జాబితా తెప్పించి, మనవాళ్లు ఎంతమందో చూసుకోవడం బాపుకు అలవాటు. చూపు మందగించాక నాతో చదివించుకున్నాడు. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చదివాను.

“గింతమందేనా మనోళ్లు? జర సక్కగ సదువు” అన్నాడు. ముఖం చిన్నబోయింది.

నిజం చెప్పే ధైర్యం లేక జాబితా మొదటికొచ్చాను. ఈసారి మిద్దె అని ఉన్నచోటా, బాయికాడి అని ఉన్నచోటా మా ఇంటిపేరు పెట్టి గడగడా చదివాను. లెక్కకు ఆయన వేళ్లు చాలక నా వేళ్లు పట్టుకున్నాడు. “మస్తుగున్నరు” అని నవ్వాడు. ఆ తర్వాత ప్రతి ఎలక్షన్‌కూ అదే అబద్ధం చదివాను.

పోయిన ఏడాది బాపు పోయాడు. మూడోనాడు మిద్దెటోళ్ల పిలగాడు వచ్చాడు. పిలగాడంటే ఇద్దరు పిల్లల తండ్రి, నా దగ్గర చదువుకున్నవాడే. వాళ్ల చెల్లె పెండ్లి ఆ వారంలోనే ఉంది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సార్, తప్పు వట్టకుండ్రి. లగ్గం ఆపితే ఫంక్షన్ హాల్ మళ్ల దొరుకది. మాకు సూతకం లేదని లగ్గం పెట్టిన అయ్యగారు చెప్పిండు.”

“ఎట్ల లేదురా? మీ తాతా మా బాపూ అన్నదమ్ముల పిల్లలు” అన్నాను.

“గది మాకెరుకనే సార్. కని కార్డులల్ల ఇంటిపేరు వేరున్నది గద. బడిల మీరే రాసిండ్రు.”

వాడి గొంతులో వెటకారం లేదు. ఉంటే నాలుగు తిట్టి కడుపు చల్లార్చుకునేవాణ్ని. “పోయి పెండ్లి చేసుకోండ్రి” అన్నాను. వాడు కాళ్లు మొక్కి వెళ్లాడు. ఆ మాట ఊరంతా పాకింది. బాయికాడోళ్లకు గృహప్రవేశం ఉంది, ఇంకొకరికి మొక్కు ఉంది. ఇది కాదని చెప్పగల పెద్దవాళ్లు బాపుకంటే ముందే పోయారు. అందరూ వచ్చారు, కూర్చున్నారు, బాపు మంచితనం చెప్పుకున్నారు. సూతకం మాత్రం ఎవరికీ లేదు. నాకు ఏడుపు బాపు పోయినందుకు వచ్చిందో, ఇందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

పదోనాడు మా పొలంలో బోరు దగ్గర కూర్చున్నాను. నాకు అన్నదమ్ములు లేరు, కొడుకులు లేరు. బిడ్డలిద్దరి ఇంటిపేర్లూ పెండ్లితో మారాయి. మా తాత నాటి వరస గురించి తండ్రి చెప్పగా విన్నాడేమో, మంగలి తన తమ్ముణ్ని కూడా సాయం తెచ్చుకున్నాడు. ఇద్దరూ కత్తులు నూరి పెట్టుకుని చాలాసేపు బాట దిక్కు చూశారు.

“ఇంకెవరన్న రావాల్నా సార్?” అని అడిగాడు చివరికి.

బాపుకు జాబితా అంత గడగడా చదివిన నోటికి ఒక్క పేరు కూడా రాలేదు.

“ఎవరూ లేరు. కానియ్యి” అని తల వంచాను. పావుగంటలో అయిపోయింది.