నల్ల నువ్వులు, నా పొడుగు ప్రార్థన

మా ఇంట్లో ఒక నియమం ఉంది. ప్రార్థనలో ఉన్న మనిషిని పిలవకూడదు. పాలు పొంగినా, కుక్కర్ కూసినా, వాకిట్లో ఎవరొచ్చి నిలబడినా, కళ్ళు మూసుకున్నవాడు ఆమేన్ అనేదాకా ఆగాలి. ఈ నియమం పెట్టింది నేనే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నేను మోకాళ్ళ మీద ఉండగా నా భార్య వచ్చి "గ్యాస్ బండ వచ్చిందప్పా" అంది. ఆ రోజు ఆమెను కూర్చోబెట్టి అరగంట వాక్యం చెప్పాను. గ్యాస్ బండ తెచ్చినతను అంతసేపూ వాకిట్లో నిలబడ్డాడో, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడో నేను కనుక్కోలేదు. ఆ తర్వాత ఆమె నన్ను ప్రార్థనలో ఎప్పుడూ పిలవలేదు.

నేను పెనుకొండలో మా సంఘానికి పెద్దను. పాస్టరు అయ్యగారు ఊళ్ళో లేని ఆదివారాల్లో వాక్యం చెప్పేది నేనే. ఏ మాట ఏ అధ్యాయంలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా వంటింట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో మాత్రం మొన్నటిదాకా తెలియదు.

అది తెలుసుకోవాల్సిన రోజు వచ్చింది. నా భార్యకు హిందూపురంలో గర్భసంచి ఆపరేషన్ అయింది. మా వదిన వారం రోజులుండి వండిపెట్టి, తన పనులు చూసుకోవాలని వెళ్ళిపోయింది. ఆమె బస్సెక్కినప్పటి నుంచీ నా భార్య తిండి తగ్గిపోయింది. నా చేతి గంజి రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేది. గంజిని తప్పు పట్టలేదు. నోటికి ఏదీ పోవడం లేదు అనేది, అంతే. డాక్టరమ్మ ముందే చెప్పింది: రక్తం బాగా తక్కువగా ఉంది, తినకపోతే మళ్ళీ చేర్చుకోవాల్సి వస్తుంది. సోమవారం చూపించుకోవడానికి వెళ్ళాలి. శనివారం పొద్దున ఆమె కాఫీ కూడా వద్దంది. నాకు భయం పట్టుకుంది.

"ఏదైతే తినగలవు, చెప్పు" అన్నాను.

"మా అమ్మ చేస్తాండె చూడు, నల్ల నూగుల ముద్ద. అదైతే రొట్టెలో ఒక ముక్క తింటానేమో."

నువ్వులను మా వైపు నూగులంటారు. నల్లవాటిని వేయించి, బెల్లం చేర్చి, నూనె తేలేదాకా నూరితే ఆ ముద్ద వస్తుంది. ఆమె పుట్టిల్లు గుడిబండ. అక్కడ బాలింతలకూ, నీరసించినవాళ్ళకూ వాళ్ళమ్మ అదే పెట్టేదట.

"నేను చేస్తా" అన్నాను.

ఆమె గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని వంగి చూస్తే నవ్వుతోంది. కుట్లు లాగి నొప్పి పుట్టాక ఆపింది.

మా పక్కింటామెకు అమరాపురం దగ్గర పల్లెలో పొలముంది. నువ్వులు ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటాయి. గోడ దగ్గర నిలబడి అడిగాను. లోపలికి వెళ్ళి గిన్నె నిండా నల్ల నువ్వులు తెచ్చి, గోడ మీద పెట్టబోయింది. నేను చేయి చాచాను. ఆమె గిన్నె వెనక్కి లాక్కుంది.

"చేతికి చేతికి ఇయ్యకూడదన్నా. జగడం వస్తాది. అందులో శనివారం."

అవసరంలో ఉన్నవాడు నోరు మూసుకుని గిన్నె తీసుకోవాలి. నేను తీసుకోలేదు. రోజులన్నీ దేవుడు చేసినవేననీ, మంచి రోజు, చెడ్డ రోజు అని ఆయన గీత గీయలేదనీ, నువ్వుగింజకు భయపడితే చేసినవాణ్ణి నమ్మనట్టేననీ గోడ మీద చేయి వేసి చెప్పాను. ఆమె ఓపికగా విన్నది. గిన్నె బరువుకు చేయి మార్చుకుంటూ విన్నది.

"అయితే ఇప్పుడేమంటావన్నా?"

"చేతికివ్వమ్మా."

"సరే, పట్టుకో. నేనైతే చెప్పినా."

విజయం సాధించినవాడిలా లోపలికి వచ్చాను. ఫోనులో ఒక వీడియో పెట్టాను. అందులోని అమ్మాయి, నువ్వులను సన్న మంట మీద రంగు మారేదాకా వేయించండి అంది. ఆమె ముందున్నవి తెల్ల నువ్వులు. నా ముందున్నవి నల్లవి. ఈ తేడా నాకు తట్టలేదు. మూకుడు పెట్టి, నువ్వులు పోసి, రంగు ఎప్పుడు మారుతుందా అని చూస్తూ నిలబడ్డాను. మారలేదు. ఊరికే నిలబడటం దేనికి, ఈ కాస్త సమయం ప్రార్థనలో గడుపుదామని కళ్ళు మూసుకున్నాను.

నా భార్య కోసం మొదలుపెట్టాను. అది నిజమైన ప్రార్థన. అక్కడ ఆపి ఉంటే బాగుండేది. కానీ నోరు అలవాటున పడి పోయింది. డాక్టరమ్మ చేతుల కోసం, సంఘంలో ఉన్న మిగతా రోగుల కోసం, మందిరం పైకప్పు కోసం, పదో తరగతి పిల్లల పరీక్షల కోసం, వానల కోసం అడిగాను. దేశాన్ని ఏలేవాళ్ళ దాకా వచ్చేసరికి ముక్కుకు ఏదో తగిలింది. జాబితాలో ఇంకా ధర్మవరం మిగిలి ఉంది. మరుసటి రోజు అక్కడి మందిరంలో నేను వాక్యం చెప్పాలి. దాని కోసం కూడా అడిగి, ఆమేన్ అని కళ్ళు తెరిచాను. వంటిల్లంతా పొగ. నువ్వులు మాత్రం పోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే నల్లగా ఉన్నాయి. రంగు మారలేదు కదా, పర్వాలేదనుకున్నాను.

మిక్సీలో బెల్లంతో కలిపి తిప్పి, చిటికెడు తీసుకెళ్ళి ఆమె నోటికి అందించాను. నమిలింది. దంతాల మధ్య ఇసుక కరకరమన్న శబ్దం నాకు కూడా వినపడింది. తర్వాత ముఖం మారింది. కొంగులోకి ఉమ్మేసింది.

"చేదు."

"నూగులు పాతవేమో" అన్నాను.

"నూగుల మీద పెట్టొద్దు. మాడ్చినావు. నాకు ఈడికే వాసన వస్తాండె."

"వస్తే పిలవకూడదా మరి?"

ఆమె నా వైపు తిన్నగా చూసింది. "నువ్వు ప్రార్థనలో ఉంటివి. ప్రార్థనలో ఉన్నోన్ని పిలవకూడదని నువ్వే కదప్పా చెప్పింది?"

నాకు జవాబు తెలుసు. తప్పు నాది అనాలి. దానికి బదులు, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నప్పుడు వివేకం ఉపయోగించాలి అన్నాను. ఆ మాటలో జబ్బుమనిషీ ఆమే, వివేకం లేనిదీ ఆమే అయింది. ఇరవై ఏళ్ళకు పైగా మా మధ్య అంత గట్టి మాటలు రాలేదు. ఆమె దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. మధ్యాహ్నం గంజి తాగలేదు. సాయంత్రం పెట్టినదీ అలాగే చల్లారింది. నువ్వులు చేతికి తీసుకున్న రోజే ఇదంతా జరగడం కాకతాళీయమని నేను ఈ రోజుకూ గట్టిగా నమ్ముతాను. ఆ సాయంత్రం అయితే గట్టిగా నమ్మడానికి కొంచెం కష్టపడ్డాను.

ధర్మవరానికి ఫోను చేసి, రేపు రాలేను, ఇంట్లో బాగాలేదు అని చెప్పాను. వాళ్ళు దిగులుపడితే ఎలా ఓదార్చాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అవతల ఉన్న సహోదరుడు "అయ్యో, పర్వాలేదన్నా, పర్వాలేదన్నా" అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

ఆదివారం పొద్దున్నే ఖాళీ గిన్నెతో మళ్ళీ గోడ దగ్గర నిలబడ్డాను. పక్కింటామె ముగ్గు గిన్నె పక్కన పెట్టి వచ్చింది.

"ఇనపడిందన్నా. ఈ గోడ ఎంత ఎత్తు ఉండాదని?"

ఆమె లోపలికి వెళ్ళి ఇంకో గిన్నెలో నువ్వులు తెచ్చింది. గోడ మీద పెట్టింది. చేయి తీసేసింది. నన్నే చూస్తూ నిలబడింది. నేను గోడ మీది నుంచి గిన్నె తీసుకున్నాను. ఆమె నవ్వును పైట చెంగుతో ఆపుకుంది.

"నిన్న గాలిచ్చినావా?"

"అంటే?"

"రామ రామా. నీళ్ళలో పోసి తిప్పన్నా. ఇసక అడుక్కి పోతాది. పైవి చేత్తో దేవుకో. ఎండలో ఆరనిచ్చి అప్పుడు వేంచు. నల్లవాటికి కండ్లతో పని లేదు, చెవి పెట్టల్ల. చిటచిట అంటాయి. ఆ చప్పుడు తగ్గబోయే ముందు దించల్ల. తగ్గినాక దించితే మాడినట్లే."

మిద్దె మీద పాత చీర పరిచి, గాలించిన నువ్వులు ఆరబోసి, పిచ్చుకలను తోలుతూ కూర్చున్నాను. కింద మా మందిరం మైకులో పాట మొదలైంది. నేను లేని ఆరాధన ఎలా సాగుతుందా అని చెవులు రిక్కించాను. బాగానే సాగింది. మామూలుకన్నా త్వరగా కూడా ముగిసింది.

మధ్యాహ్నం మూకుడు పెట్టాను. మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగానే ఉంది. ఆమె ఇంకా నాతో మాట్లాడటం లేదు. నువ్వులు పోసి కలుపుతూ చెవి పెట్టాను. ఏమీ వినపడలేదు. కాసేపటికి వెనక నుంచి మాట వచ్చింది.

"పాట ఆపు."

అప్పుడు తెలిసింది, నేను పాడుతున్నానని.

"నువ్వు ఊరకుంటే కదప్పా అవి ఇనపడేది."

నోరు మూసుకున్నాను. ఒక్కొక్కటిగా చిటచిటలు మొదలయ్యాయి. తర్వాత జల్లు పడ్డట్టు ఎక్కువయ్యాయి. నేను దించబోతే "ఇంగా లేదు" అంది. కలిపాను. చేయి నొప్పి పుట్టింది. లోపల ఒక చిన్న స్తోత్రం లేవబోతే దాన్ని కూడా నొక్కిపెట్టాను. "ఇంగ రవ్వంత సేపు" అంది. నాకు ఏ తేడా తెలియకముందే, మంచం మీద పడుకున్న మనిషికి తెలిసింది.

"ఇప్పుడు. దించు, దించు. పళ్ళెంలో పోసేయ్. మూకుట్లో ఉంటే ఆ వేడికే మాడతాయి."

పోసేశాను. చల్లారాక, మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పాను. పొడి కాస్తా ముద్దయింది, బెల్లం వేశాక నిగనిగలాడింది, చివరికి నూనె అంచుకు చేరింది. ఇల్లంతా వాసన. రాగిరొట్టె కాల్చి, ముక్క తుంచి, ముద్ద రాసి పట్టుకెళ్ళాను. ఆమెకు దిండు ఎత్తి పెట్టి, అలవాటుగా చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను.

"నువ్వొద్దు, నేను చేస్తా" అంది.

ఇన్నేళ్ళలో మా ఇంట్లో భోజనం ముందు ఆమె గొంతు నేను వినలేదు. నేను సందు ఇస్తే కదా ఆమె చేసేది.

"ప్రభువా, ఈయప్ప చేసినాడు. కడుపులో నిలబడనీ. ఆమేన్."

అంతే. నేను కళ్ళు తెరిచేసరికి ముక్క నోట్లో ఉంది. నెమ్మదిగా నమిలింది. నేను ఆమె గొంతు వైపే చూస్తున్నాను. ఒకచోట ఆగింది.

"ఇసక ఉండాది" అంది.

"ఉమ్మేయ్, పర్వాలేదు."

మింగింది. "గాలిచ్చేది ఇంగా నేర్చుకోవల్ల నువ్వు." ఆ రొట్టె మొత్తం తిన్నది. వేలితో పళ్ళెం అంచు నాకింది. "ఇంకోటి కాల్చు."

వంటింట్లోకి వెళ్ళి ఇంకో రొట్టె తట్టి పెనం మీద వేశాను. రెండు వారాల తర్వాత ఆమె అడిగి తినబోతున్న తిండి అది. కళ్ళు తడి అయ్యాయి. కృతజ్ఞత చెప్పకపోతే ఎలాగని, పెనం ముందే నిలబడి కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన డాక్టరమ్మ దాకా కూడా వెళ్ళలేదు.

"రొట్టె మాడతాంది!"

పక్కింటిదాకా వినపడేంత గట్టిగా అరిచింది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆమెకు అంత గొంతు రావడం అదే మొదలు. నేను ఆమేన్ అనకుండానే కళ్ళు తెరిచి రొట్టె తిప్పాను.