ఎడమచేతి ముడి

పాము పగ పన్నెండేళ్లంటారు. నాది నలభై దాటింది. పగంతా ఒక కొర్రమీను గురించి. దాన్ని పట్టింది నేను, పేరు మోసింది మా అన్నయ్య.

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఉన్న ఊరు. నాన్న బడిపంతులు, చర్చిలో పెద్ద. ఆదివారం ఆరాధన అవగానే తెల్లచొక్కా విప్పేసి, వెదురు గాలం భుజాన వేసుకుని కాలవ గట్టుకి పోయేవాడు. గట్టు మీద ఎవరి చోటు వాళ్ళకి ఉండేది. ఆ గట్టుకో కట్టుబాటు కూడా ఉండేది. ఆడది దాటిన గాలానికి చేప పడదు. ఆడది గాలం వేస్తే మొత్తం గట్టుకే పడదు. శకునాలు నమ్మకూడదని చర్చిలో గొంతు చించుకుని చెప్పే మా నాన్న, ఈ ఒక్కదాన్ని మాత్రం ప్రాణంలా నమ్మేవాడు. చర్చి నమ్మకం వేరు, గట్టు నమ్మకం వేరు.

గాలాలు వరండా గోడకి ఆనించి ఉండేవి. నేను ఊడుస్తున్నప్పుడు ఒకటి జారి కింద పడితే అమ్మ కెవ్వుమనేది.

"దాటకే! చుట్టూ తిరిగి రా!"

చుట్టూ తిరిగే వచ్చేదాన్ని. కర్రముక్కకి ప్రదక్షిణాలు చేసిన క్రైస్తవుల పిల్లని మా ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నాది ఇంకో నేరం కూడా ఉంది, ఎడమచేతి వాటం. నాన్న స్కేలుతో కొట్టి కొట్టి రాత ఒక్కటే కుడిచేతికి మార్చగలిగాడు. మిగతావన్నీ ఎడమచేతిలోనే ఉండిపోయాయి. ముడి వేస్తే అందరి దారం ఒకవైపు చుట్టుకుంటే నాది రెండోవైపు చుట్టుకునేది. పుస్తకాల కట్ట చూసి అది ఎవరు కట్టిందో మా ఇంట్లో ఎవరైనా చెప్పేసేవాళ్ళు.

పన్నెండేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, నాన్న రేకు డబ్బాలోంచి ఒక గాలపు ముల్లు దొంగిలించాను. నైలాన్ దారం నేనే కట్టాను. వెదురు బద్ద ఒకటి దొరికింది. ఇంటి వెనక పాడుబడిన గుంటలో, గుర్రపుడెక్క మధ్య నీళ్ళు నల్లగా కనిపించే చోట, కప్పపిల్లని గుచ్చి వదిలాను. ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు కానీ, అది లాగినప్పుడు భుజం ఊడినంత పనైంది. బద్ద విరిగింది. దారం అరచేతులకి చుట్టుకుని వెనక్కి నడిచాను. చర్మం కోసుకుపోయింది. ఆఖరికి అది బురదలోకి రాగానే దాని మీద బోర్లా పడి పట్టుకున్నాను. నా మోచేతి నుంచి వేళ్ళ చివర్ల దాకా ఉన్న కొర్రమీను.

నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు అన్నయ్య. నా కేకలకి పరుగెత్తుకొచ్చి చేపనీ, నా చేతుల్నీ చూశాడు.

"నువ్వు గాలం వేశావని తెలిస్తే నాన్న చంపేస్తాడే. నేను పట్టానని చెబుతాలే. తర్వాత నిదానంగా నిజం చెప్పేద్దాం."

సరేనన్నాను. నా బతుకులో నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని అదే.

నాన్న చేప నోట్లోంచి ముల్లు తీశాడు. ముడికి పైన దారం పళ్ళతో తెంపి, ముల్లుని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత అన్నయ్య వీపు తట్టి, "నా కొడుకువిరా!" అన్నాడు. ఆ పూట పులుసులో తలకాయ ముక్క అన్నయ్య కంచంలో పడింది. నాకు తోక. అరచేతుల మీద కోతలకి పులుసు తగిలి మంటపుట్టింది. ఎవరూ ఆ చేతులకేమైందని అడగలేదు.

తర్వాత చెప్పేద్దామన్నాడు కదా. ఆ తర్వాత రాలేదు. చుట్టాలొస్తే నాన్న ఆ కథే చెప్పేవాడు, నేను పక్కన నిలబడి టీ గ్లాసులు అందించేదాన్ని. మోచేతంత చేప నా పెళ్ళి నాటికి నిలువెత్తు చేపైంది. నాన్నని సమాధి చేసిన రోజున కూడా ఒక పెద్దమనిషి లేచి, ఆయన పెంపకానికి గుర్తుగా, పద్నాలుగేళ్ళకే కొడుకు పట్టిన కొర్రమీను సంగతి ఎత్తాడు. అన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు, వినయం అనుకున్నారంతా. నేను వెక్కి వెక్కి ఏడిస్తే నాన్న మీద ప్రేమ అనుకున్నారు. అందులో సగం ఏడుపు ఆ చేప కోసం. పాస్టరుగారు క్షమాపణ మీద ప్రసంగం చేసినప్పుడల్లా నాకు అరచేతులు దురద పెట్టేవి.

నేనిప్పుడు ఏలూరులో సైన్సు టీచర్ని. రెండేళ్ళ క్రితం ఫోనులో ఒక వీడియో చూశాను. ఎవరో విదేశీయుడు ఏట్లో నడుములోతు నీళ్ళలో నిలబడి, సన్నని కర్రతో పసుప్పచ్చ తాడుని గాల్లో ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడు. ఆఖర్న తాడు మెల్లగా వెళ్ళి, అనుకున్న చోట పురుగు వాలినట్టు వాలింది. దాన్ని నలభైసార్లు చూసుంటాను. మా గట్టు మీద ఎవరికీ రాని విద్య. ఆ రోజే ఆన్‌లైన్‌లో అలాంటి కర్రే, ఫ్లై రాడ్డు, ఆర్డరు పెట్టాను.

"చేపలు మార్కెట్లో దొరుకుతాయి కదా," అన్నారు మావారు పార్సిలు విప్పుతూ.

"నాక్కావలసింది అక్కడ దొరకదండీ," అన్నాను.

మన గాలానికి బరువు చివర ఉంటుంది, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. దీనికి బరువంతా తాడులోనే. చివర ఎరగా కట్టే ఉత్తుత్తి ఈగకి బరువే ఉండదు. అందుకని ముందు తాడుని వెనక్కి విసరాలి, అది గాల్లో పూర్తిగా చాపుకునేదాకా ఆగాలి, అప్పుడు ముందుకి కొట్టాలి. తొందరపడితే తాడు కొరడాలా ఛెళ్ళుమని, చివరున్న ఈగ తెగి ఎటో పోతుంది. మణికట్టు వంచకూడదు, మోచెయ్యి ఒంటికి దూరం పోకూడదు. అందుకు చంకలో పదో తరగతి సైన్సు పుస్తకం ఇరికించుకుని, అది జారకుండా డాబా మీద రోజూ సాయంత్రం సాధన చేసేదాన్ని. ఎడమచేత్తో. ముల్లు లేని ఈగ బట్టల తీగకి తగులుకుంది, కొబ్బరాకుకి తగులుకుంది, ఒకసారి నా జడకే తగులుకుంది.

పక్క డాబా మీద వడియాలు పెడుతున్న ఆవిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏవండీ టీచరుగారూ, గాలిపటమా అండీ?"

"గాలమండీ."

"డాబా మీద చేపలేం పడతాయండీ?"

"ఇక్కడ కాదండీ. మండవల్లిలో పడతాయి."

ఆగడం మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఈగలు కూడా నేనే కట్టుకున్నాను. గణపవరం నుంచి రోజూ వచ్చే మా డ్రిల్లు మాస్టారింట్లో పుంజులున్నాయి, డేగ అనే ఎర్ర పుంజు మెడ ఈకలు తెచ్చిపెట్టారు. నీళ్ళ మీద తేలడానికి పాత హవాయి చెప్పు ముక్క కోసి ముల్లుకి అతికించి, చుట్టూ ఈకలు చుట్టి దారంతో బిగించాను. అది చూస్తే కప్పకీ ఈగకీ పుట్టినట్టుండేది. కొర్రమీనుకి అందచందాలతో పనిలేదు, నీళ్ళ మీద బుడుంగుమంటే చాలు.

పోయిన ఏడాది ఎండలు ముదిరాక, ఒక ఆదివారం ఆరాధన అవగానే కైకలూరు మీదుగా వెళ్ళే బస్సెక్కి మండవల్లిలో దిగాను. మా ఊరి బయట పాత చెరువు గట్టు మీద అన్నయ్య బృందం గాలాలు వేసుకుని కూర్చుంది. అన్నయ్య చేతిలో నాన్న వెదురు గాలం, పక్కన నాన్న రేకు డబ్బా. కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగి ఒకాయనకి ఎవరో కొర్రమీను కథ చెబుతున్నారు.

"ఏంటే, యాంటెన్నా పట్టుకొచ్చావ్?" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు.

గట్టు మీద అందరికన్నా పెద్దాయన తన గాలం పక్కకి జరుపుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండమ్మా. గాలాలున్నాయి, కాస్త అటు తిరిగెళ్ళండమ్మా."

యాభై మూడేళ్ళొచ్చాయి నాకు. అటు తిరిగే వెళ్ళాను, గట్టు చివరికి.

ఆ ఆదివారమూ, తర్వాతి ఆదివారమూ గుర్రపుడెక్క మాత్రమే పట్టాను. నా తాడు ఎగిరినప్పుడల్లా వాళ్ళ నవ్వులు వినపడేవి. మూడో ఆదివారం, డెక్క మధ్య చాపంత ఖాళీలో ఈగ వాలింది. ఒక్కసారి కదిపాను. నీళ్ళు పగిలాయి. రాడ్డు చివర నీళ్ళలోకి వంగింది. రీలు గిర్రున తిరుగుతుంటే నవ్వులు ఆగాయి. దాన్ని గట్టెక్కించేసరికి చీర మోకాళ్ళ దాకా బురదైంది. ఆనాటిదానికన్నా పెద్ద కొర్రమీను. ఈసారి దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. దవడ పట్టుకుని ఎత్తి, గాలాల వెనకాల నుంచి తిన్నగా అన్నయ్య దగ్గరికి నడిచాను.

"అన్నయ్యా, ఇదెవరు పట్టారు?"

"నువ్వేనే. భలే పట్టావ్."

"మరి ఆ గుంటలోది ఎవరు పట్టారు?"

అన్నయ్య రేకు డబ్బాని కాస్త దగ్గరికి లాక్కున్నాడు. బ్యాంకాయన నా వైపూ అన్నయ్య వైపూ చూశాడు. నేను కదల్లేదు. చేప తోక నా చీరకేసి టపటపా కొట్టుకుంటోంది.

"నువ్వే పట్టావే," అన్నాడు ఆఖరికి, అందరికీ వినబడేలాగే.

ఆ మాట వింటే ఏమనాలో నలభై ఏళ్ళుగా కూడబెట్టుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఇంతలో అన్నయ్య రేకు డబ్బా మూత తీసి, అడుగున మడతపెట్టిన కాగితం విప్పి, నా ముందు పెట్టాడు. తుప్పుపట్టిన ముల్లు. దానికి నైలాన్ దారం ముక్క, ముడితో సహా. దారం రెండోవైపు చుట్టుకుని ఉంది.

"నాన్నకి ఆ రోజే తెలుసే. ముడి చూడగానే పట్టేశాడు. సాయంత్రం నన్ను పశువుల పాక వెనక్కి తీసుకెళ్ళి, 'ఇది చెల్లెలి చేప. అయినా నువ్వు పట్టిందే. ఆడపిల్ల గాలం వేసిందని తెలిస్తే రేపు నన్ను గట్టు మీద కూర్చోనివ్వరు' అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు."

"ఆయన పోయాకైనా చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నానే. అప్పటికి ఆ చేప తప్ప నాకంటూ ఇంకో పేరు లేదు."

కొర్రమీనుని వదిలేశాను. అది గట్టు మీద నుంచి దొర్లి చెరువులో పడింది, ఎవరూ పట్టుకోలేదు. గట్టు మీద జానెడు చోటు కోసం నా చేప అమ్మేశాడు మా నాన్న. అమ్మి, ఆ ముడిని మాత్రం దాచుకున్నాడు. దాచుకోవడం ప్రేమే కదమ్మా అని తర్వాత చాలామంది నాతో అన్నారు. కావచ్చు. టీ గ్లాసులు అందిస్తున్న నన్ను చూస్తూ ఆ కథ చెప్పినప్పుడు ఆ ప్రేమ డబ్బా అడుగునే ఉంది. అన్నయ్యది సగం తప్పు. మిగతా సగం దండ వేసుకుని గోడ మీద ఫోటోలో ఉంది, దాన్ని నేనేం చేయగలను?

చేయగలిగింది ఒకటుంది. అన్నయ్య పక్కనుంచి నాన్న గాలం తీసుకుని గట్టు మీద అడ్డంగా పెట్టాను. చీర కాస్త ఎత్తిపట్టి, దాన్ని దాటాను.

"అయ్యయ్యో, అమ్మా!" అన్నాడు పెద్దాయన.

తిరిగి ఇటు దాటాను. మళ్ళీ అటు. లెక్కపెట్టలేదు, వరండాలో చుట్టూ తిరిగినన్నిసార్లయితే కాదు. ఆయాసం వచ్చాక ఆగాను.

"ఇప్పుడు వెయ్యి అన్నయ్యా. పడుతుందో లేదో చూద్దాం."

అన్నయ్య వానపామును గుచ్చి గాలం వేశాడు. గట్టు మీద అందరూ తమ గాలాలు వదిలేసి నీళ్ళ మీద తేలుతున్న మా బెండునే చూస్తున్నారు. అది చాలాసేపు కదల్లేదు. పెద్దాయన నావైపు చూసి నిట్టూర్చాడు. అంతలో బెండు ఒకసారి వణికి, గుటుక్కున మునిగింది.

అన్నయ్య కర్ర నాకిచ్చాడు.

"నువ్వే లాగవే."

ఎడమచేత్తో లాగాను. అరచెయ్యంత జెల్ల. పులుసుకి కూడా చాలదు. అయినా రెక్కల ముళ్ళు గుచ్చుకోకుండా దాన్ని జాగ్రత్తగా గాలం నుంచి విడిపించి, తామరాకులో చుట్టి, అన్నయ్య చేతిలో పెట్టాను.

"ఇదెవరు పట్టారో ఇంటికెళ్ళి నాన్న ఫోటోకి చెప్పు," అన్నాను.