స్లాబు పోసే రోజు ఖాసిం పడ్డాడు

1978లో వికారాబాద్‌లో ఒక లారీ యజమాని ఇంటికి స్లాబు పోస్తున్నాం. మాది తాండూరు, నేను మేస్త్రీని. స్లాబు రోజు ఇంటివాళ్లు కూలీలకు మాంసం కూరతో అన్నం పెట్టడం మా పనిలో ఆనవాయితీ. అందుకే ఆ రోజు ఎవరికీ జ్వరం రాదు, ఎవరి మేనమామా చావడు.

సెంట్రింగ్ అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద నుంచి మోసే చెక్కల పరుపు. దాన్ని బిగించేవాడు ఖాసిం. అంచున చెక్క సరిచేస్తూ కాలుజారి కిందికి పోయాడు. ఒళ్లు ఇసుక కుప్ప మీద పడింది కానీ తల పక్కనున్న బండకు తగిలింది.

మేం దిగేసరికి లేచి కూర్చుని నవ్వుతున్నాడు.

"ఏం గాలె మేస్త్రీ. బండకేమన్న దెబ్బ తాకిందేమో చూడు."

అందరం నవ్వాం. నీడలో కూర్చోబెట్టాం. కాసేపటికి "కూర ఉడికిందా?" అన్నాడు.

"ఉడుకుతది రా. నువ్వు గిన్నెల పడలే, గదే సంతోషం."

మళ్లీ అదే అడిగాడు. మూడోసారి కూడా కొత్తగా అడిగినట్టే అడిగేసరికి నా నవ్వు ఆగిపోయింది. అంతలో వాంతి చేసుకుని, "జర పండుకుంట" అన్నాడు.

"పండుకోనీ, లేస్తే మంచిగైతడు" అన్నారు కూలీలు. నేను డాక్టరు దగ్గరికి తీసుకుపోతానన్నాను.

"నువ్వు పోతే స్లాబు నడిమిట్ల ఆగుతది మేస్త్రీ. అతుకుకాడ నీళ్లు కారుతయి" అన్నాడు ఇంటి సేటు.

"స్లాబు కారితే తారు పూస్త సేటూ. తల కారితే ఏం పూయాలె? లారీ తియ్!"

సేటు ఇంకో మాట అనకుండా తానే స్టీరింగ్ పట్టాడు.

ఊళ్లో డాక్టరు ఖాసిం కళ్లలోకి టార్చి వేసి చూశాడు. "పుర్రె లోపల నెత్తురు చేరుతున్నట్టుంది. వెంటనే హైదరాబాద్ తీసుకుపోండి. దారంతా మాట్లాడిస్తూ ఉండండి" అన్నాడు. బడిలో వాగి వాగి నన్ను బయట నిలబెట్టించిన నోటికి ఆ రోజు పని దొరికింది.

"మర్పల్లిల మీ అత్త నన్ను జూసి తలుపేసుకుంది, ఎందుకు రా?"

"నీ మొహం జూసి... దొంగనుకున్నది."

చేవెళ్ల దాటాక వాళ్ల అత్తను ఎంత తిట్టినా జవాబు లేదు. సేటు లారీ వేగం పెంచాడు.

ఆపరేషన్ చేసి నెత్తురు తీశారు. బతికాడు. కొన్ని నెలలకు పనిలోకొచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"ముక్కుకు వాసన తెలుస్తలేదు మేస్త్రీ. గందుకే నీ బీడీ పక్కన కూసుంటున్న."

అప్పటి నుంచి నా పనిలో ఎవరు పడినా, ఏడ్చేవాడికంటే నవ్వుతూ లేచినవాడి కోసమే ముందు బండి పిలిచాను. "బొప్పి కట్టింది, అంతే. దీనికింత హడావుడా?" అని డాక్టర్లు నన్ను చాలాసార్లు తిట్టి పంపారు. పడినవాణ్ని పక్కన నడిపించుకుంటూ ఆ తిట్లతో ఇంటికి రావడమంత సుఖం నా పనిలో ఇంకోటి లేదు.