మా తట్టు గుర్రం కంటి కింది సుడి

మొన్న మాఘంలో ఉప్పల్‌లో దూరపు చుట్టాల ఇంట పెళ్ళికి వెళ్ళాను. బారాత్ బయలుదేరే ముందు మెట్రో స్తంభాల పక్కన తెల్ల గుర్రాన్ని నిలబెట్టి మెడకు రంగు బల్బుల దండ చుడుతుంటే, పెళ్ళికొడుకు మేనత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గబగబా వచ్చి, గుర్రం తెచ్చిన మనిషిని ఆపి, "సుడులు గిట్ల ఏం లేవు గదా దీనికి? జర మంచిగ సూసినవా?" అని అడిగింది. అతనికి ఆ మాటే అర్థం కాలేదు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు, ఆమె కూడా నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు సరికదా, అక్కడే ఒక కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను. గుర్రం సుడి గురించి ఎవరైనా అడగ్గా విని యాభై ఏళ్ళు దాటి ఉంటుంది.

నా ఈడు వాళ్ళంతా టాంగాల ముచ్చట ఎత్తగానే కరిగిపోతారు. గిట్టల చప్పుడట, మెడలో మువ్వలట, సాయంత్రం చల్లగాలిలో తార్నాక దాకా ప్రయాణమట! వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకు అలాగే ఉంటుంది మరి. నేను టాంగా ఇంటికే కోడలిగా వెళ్ళినదాన్ని కనుక నాకు ఆ ముచ్చట్లలో కొట్టం వాసన కూడా కలిసి వస్తుంది, దానితోపాటు ఇంకొక వాసన కూడా వస్తుంది, అదేమిటో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మాది కీసర దగ్గర చిన్న పల్లె. నాచారంలో ఒక్కొక్క ఫ్యాక్టరీ గోడ లేస్తున్న ఆ రోజుల్లో నన్ను అక్కడికి ఇచ్చారు. ఇంట్లో మామ, బావ, బావ భార్య, వాళ్ళ ఇద్దరు చిన్నపిల్లలు, మా ఆయన. అత్త నా పెళ్ళికి ముందే పోయింది. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో దినకూలీకి వెళ్ళేవాడు. బావది టాంగా. బావ భార్య నాకు వరసకు యారాలు అయినా నేను అక్కా అనే పిలిచేదాన్ని, ఆమె కూడా నన్ను చెల్లెలికంటే ఎక్కువగానే చూసింది. పెళ్ళయ్యాక నన్ను కీసర నుంచి ఆ టాంగాలోనే తీసుకొచ్చారు. గుట్ట దిగి ఉప్పల్ చౌరస్తా దాకా ఎగుడుదిగుడు దారంతా మనుషులు అలసిపోయారు కానీ ఆ గుర్రం మాత్రం అలసిన జాడ లేదు.

గుర్రం అంటే ఇప్పటి పిల్లలు అనుకునే ఎత్తైన గుర్రం కాదది. దాన్ని దక్కనీ తట్టు అనేవారు. వీపు నిలబడ్డ మనిషి ఛాతీ దాకా కూడా రాదు. పొట్టి మెడ, వెడల్పు రొమ్ము, రాతిముక్కల్లాంటి గిట్టలు. మామ వయసులో ఉన్నప్పుడు ఒక జాగీర్దారు గుర్రాల సావిట్లో పనిచేశాడు, అందుకని ఆ జాతి గురించి మొదలుపెడితే అన్నం చల్లారిపోయినా ఆపేవాడు కాదు. పడమటి రేవుల్లో ఓడలు దిగిన అరబ్బు గుర్రాలకూ, భీమా నది ఒడ్డున మేసే నాటు గుర్రాలకూ పుట్టిన సంతానమట. మరాఠా రౌతులు వీటి మీదే కొండలెక్కి దిగేవారట. పెద్ద గుర్రం మంచి గడ్డి లేదని మొహం తిప్పుకునే చోట ఇది జొన్న చొప్ప నమిలి, అదీ లేకపోతే తుమ్మకాయలు ఏరుకుని తిని బతుకుతుందట. ఇందులో ఎంత నిజమో, ఎంత మామ ప్రేమో నాకు తెలియదు. యుద్ధాలు పోయాక ఆ తట్టులే తపాలా సంచులు మోశాయి, గాజుల బేరగాళ్ళ మూటలు మోశాయి, కాన్పు కష్టమైన ఇంటికి మంత్రసానిని మోశాయి, శివరాత్రికి కీసర జాతరకు ముసలివాళ్ళను మోశాయి. చివరికి టాంగాలకు వచ్చాయి. మా ఇల్లు గడిచింది వాటి వీపు మీదే.

మా తట్టు బెల్లం రంగు ఆడగుర్రం. బావ మరాఠ్వాడా వైపు ఏదో జాతరకు వెళ్ళి కొనుక్కొచ్చాడు. అంత గట్టి గుర్రం మాలాంటి వాళ్ళ చేతికి తక్కువలో రావడానికి కారణం ఉంది. దాని ఎడమ కంటి కింద వెంట్రుకలు చిన్న సుడి తిరిగి ఉండేవి. గుర్రాలవాళ్ళు దాన్ని కన్నీటి సుడి అంటారు, ఆ సుడి ఉన్న గుర్రం ఏ ఇంటికి వస్తే ఆ ఇంట ఏడుపు తప్పదని నమ్ముతారు. మామ మాత్రం బొటనవేలితో ఆ సుడిని రుద్ది చూసి, "సుడి జూసి కొంటర్రా ఎవలన్నా? గిట్టలు జూసి కొంటరు గని" అని నవ్వాడట. ఈ సంగతి అక్క నాకు మురిపెంగా చెప్పింది. దానికి బుడ్డి అని పేరు పెట్టింది కూడా అక్కే. పొద్దున్నే ఉలవ గుగ్గిళ్ళు దోసిట్లో పట్టి తినిపించేది, కళ్ళెం తనే ఎక్కించేది. బావ ఎక్కించబోతే బుడ్డి తల పైకెత్తేసేది, అక్క రాగానే దించేది. బావ ఉడుక్కునేవాడు, మేము నవ్వుకునేవాళ్ళం.

నేను వచ్చి ఏడాది నిండకముందే బావ పోయాడు. కొట్టంలో పాత లాడం మేకు ఒకటి అరికాలిలో దిగింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుని టాంగా తోలుకుంటూ తిరిగాడు. కొన్నాళ్ళకు దవడలు బిగుసుకున్నాయి, తరవాత ఒళ్ళంతా విల్లులా వంగింది. పట్నం దవాఖానాకు తీసుకుపోయేసరికి ధనుర్వాతం ముదిరిపోయిందన్నారు. మేకు గుచ్చుకున్న రోజే వచ్చి సూది వేయించుకుని ఉంటే బతికేవాడన్నారు. ఆ సూది మందును ఆ రోజుల్లో గుర్రాల రక్తంలోంచే తీసేవారని చాలా ఏళ్ళ తరవాత మా అబ్బాయి చదువుకుని వచ్చి చెప్పాడు. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను.

పదో రోజుకు చుట్టాలంతా వచ్చారు. ఏడుపులు అయ్యాక మాటలు మొదలయ్యాయి. మామ పెద్దమ్మ కూతురు ఒకావిడ ఉండేది, నోరు పెద్దది, ఊరంతా ఆమె మాట వినేవారు. ఆమె నా వైపు చూడకుండానే, "కొత్త కోడలు గడప దొక్కి యేడన్న నిండలే" అంది. ఇంకొకావిడ అక్కను చూసి, ఈమె వచ్చాక అత్త పోయింది, ఇప్పుడు మొగుడు పోయాడు, పాదం ఎట్లాంటిదో అంది. పాదం మాట ఒకసారి బయటికి వస్తే ఇక దాన్ని లోపలికి పంపడం ఎవరి తరమూ కాదు. సాయంత్రానికల్లా అక్కను పిల్లలతో సహా పుట్టింటికి పంపేయాలన్న దాకా వచ్చింది. ఆమె పుట్టింట్లో ఉన్నది ఒక్క అన్న, ఆయనకే పూట గడవదు. నన్ను ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు కానీ, మా అమ్మ నా చెయ్యి పట్టుకుని మూలన కూర్చోవడం నాకు గుర్తుంది.

అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చున్న మామ లేచాడు. "ఆడపోరగండ్లను అంటరేంది? తప్పు నాది. కన్నీటి సుడి ఉన్న గుర్రాన్ని కండ్లతోని సూసి గూడ ఇంటికి రానిచ్చిన. నా కొడుకును తిన్నది అదే" అన్నాడు. ఒక్కసారిగా అందరూ చల్లబడ్డారు. సుడి ఉందా, ఏదీ అని కొట్టంలోకి పోయి చూసొచ్చారు. అవును మరి, ముందే చెప్పొద్దా అన్నారు. ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు మా పాదాల మాట ఎవరూ ఎత్తలేదు. అమ్ముదామంటే ఎరిగినవాడెవడూ కొనడు, చంపడం పాపం. సుడి మీద వాత పెడితే దోషం పోతుందని పెద్దలే తేల్చారు. పెట్టేది మామే అని కూడా తేల్చారు.

మర్నాడు పొద్దున కుంపటి నేనే తీసుకెళ్ళాను. కొట్టంలో అక్క బుడ్డి తల పట్టుకుని నిలబడి ఉంది. ఇంకెవరు పట్టినా అది తల ఇవ్వదు. బయట చుట్టాలు వాకిట్లో నిలబడ్డారు. మామ ఇనుప కడ్డీ నిప్పుల్లో పెట్టి, వాళ్ళకు వినపడకుండా అక్కతో అన్నాడు: "బిడ్డా, సుడి లేదు ఏం లేదు. ఎవలో ఒగలి మీద పడాలె గదా. నీ మీద పడొద్దు, గా చిన్నపిల్ల మీద పడొద్దు. నోరు లేనిదాని మీద ఏస్తున్న. నన్ను తిట్టుకో, గని తల గట్టిగ పట్టు." అక్క రెండు చేతులతో బుడ్డి తలను రొమ్ముకు అదుముకుంది.

బుడ్డి తల్లి ఎంత నమ్మిందంటే, కడ్డీ ఎర్రగా దగ్గరికి వస్తున్నా అక్క పట్టు కాబట్టి కదలలేదు. తగిలాకే కదిలింది. కదలడంతో కడ్డీ జారి కంటి రెప్ప మీదికి వచ్చింది. ఇందాక చెప్పిన రెండో వాసన అదే. దాని అరుపు విని వాకిట్లో ఒకావిడ పీడ పోయింది అని దండం పెట్టింది. కొన్నాళ్ళకు ఆ కంట్లో తెల్లటి పొర కమ్మేసింది, చూపు పోయింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది కానీ, వాత పనిచేసింది. సుడి సంగతి కూరగాయలమ్మే ఆమె చెప్పగా విని, ఇక మా టాంగా ఎక్కేది లేదన్న ఫ్యాక్టరీ క్వార్టర్ల ఆంధ్రా ఆడవాళ్ళు మళ్ళీ ఎక్కారు. పగ్గాలు పట్టొద్దని మా ఆయనకు అడ్డం పడ్డ మా అమ్మే, దోషం పోయిందట కదా అల్లుడూ అంది. ఆయన కూలి మానేసి టాంగా పట్టాడు. మామ కొన్ని వారాలు పక్కన నడుస్తూ, కనపడని వైపు మలుపు ఎట్లా తిరగాలో బుడ్డికి నేర్పాడు. పాపం, అది త్వరగానే నేర్చుకుంది, ఆ జాతి లక్షణమే అంత. ఒంటి కంటితో నాచారం, ఉప్పల్, హబ్సిగూడ ఎన్నేళ్ళో లాగింది. అక్క పిల్లలు ఆ సంపాదన మీదే పెరిగారు. అక్కను పుట్టింటికి పంపే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ బుడ్డి మళ్ళీ అక్కను దగ్గరికి రానివ్వలేదు. కడ్డీ పట్టుకున్న మామ వస్తే ఊరుకునేది, నేను వెళ్తే ఊరుకునేది. అక్క అడుగు కొట్టంలో పడగానే చెవులు వెనక్కి వాల్చి, తల గోడకు కొట్టుకునేంతగా లాక్కునేది. కాల్చిన చేతికంటే పట్టుకున్న చేతి మీదే దానికి కోపం ఎక్కువ ఉండిపోయింది. అక్క గుగ్గిళ్ళు పెట్టడం మాత్రం మానలేదు. తొట్టిలో పోసి బయటికొచ్చి, గోడ వెనక నిలబడి, అది నమిలే చప్పుడు మొదలయ్యాక ఇంట్లోకి వచ్చేది. ఒకసారి నేను చూడలేక, ఇక నేను పెడతాలే అక్కా అన్నాను. అక్క నా వైపు తిరిగి, "దానికైతే సుడి కంటి కింద ఉండె, కాల్చిన్రు, పీడ పోయిందన్నరు. నాకైతే ఏడ కాలుస్తుండిరో" అంది. మామ అయితే తట్టుల గురించి మాట్లాడటమే మానేశాడు. పిల్లలు మరాఠా రౌతుల కథ చెప్పమని మీద పడితే, మరిచిపోయిన బిడ్డా అనేవాడు. ఆ తరవాత ఎక్కువ కాలం లేడు.

సిటీ బస్సులు ఎక్కువై, ఆటోలు వచ్చి, చౌరస్తాలో టాంగాలు నిలబడే చోటు కూడా లేకుండా పోయిన రోజుల్లో బుడ్డి ముసలిదై పడిపోయింది. మా ఆయన మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు. ఒక మధ్యాహ్నం ఇక లేవదని తెలిసిపోయింది. నేను కూర్చుని దాని తల ఒళ్ళోకి తీసుకున్నాను. అక్క చప్పుడు చేయకుండా వచ్చి మెల్లగా చెయ్యి చాపింది. లేవలేని జీవం, గాలి పీల్చడమే కష్టంగా ఉన్న జీవం, అక్క చేతి వాసన తగలగానే తల వెనక్కి లాక్కోవాలని చూసింది. అక్క చెయ్యి తీసేసుకుంది. తరవాత దాని వెనక వైపు వెళ్ళి, వెనక కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, దానికి అలికిడి తెలియకుండా గిట్టలకు అంటిన మట్టి కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. బుడ్డి పోయేదాకా అట్లాగే ఉంది. పోయాక కూడా తల దగ్గరికి రాలేదు.

అక్క కూడా పోయి చాలా ఏళ్ళయింది. కొట్టం ఉన్న చోట అపార్ట్‌మెంటు లేచింది, కింద కార్లు పెడతారు. దక్కనీ తట్టు ఈ వైపు కనపడితే ఒట్టు. ఆ కాలం పోయిందే అని నా ఈడు వాళ్ళు నిట్టూరుస్తుంటే నేనూ తల ఊపుతాను, పోయిన మనుషులు నాకూ గుర్తొస్తారు కదా. కానీ ఏం పోయింది, ఏం మిగిలింది అన్నది నాకు పోయినేడాది చిల్కానగర్‌లో కొంచెం తెలిసింది. తెలిసినవాళ్ళ అబ్బాయి, పెళ్ళయి ఆరునెలలు కాలేదు, వరంగల్ రోడ్డు మీద బైకు మీద పోతూ లారీ కింద పడ్డాడు. పలకరించడానికి వెళ్ళాను. నుజ్జయిన బైకు ప్రహరీ గోడకు ఆనించి ఉంది, దాని వైపు ఎవరూ చూడటం లేదు. నా పక్కన కూర్చున్న చదువుకున్న ఆవిడ, మెడలో ఆఫీసు కార్డు ఇంకా తీయలేదు, నా చెవి దగ్గరికి వంగి, పిల్ల పాదం మంచిది కాదంటున్నారండీ అంది. నింద సుడి మీద వేసి తప్పించడానికి అక్కడ గుర్రం లేదు, లేచి నిలబడే మామ లేడు. ఆ ఇంట్లో నోరు లేనిదంటూ మూల కూర్చున్న ఆ పిల్ల ఒక్కతే ఉంది. నేను వెళ్ళి ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను.